క్రిస్మస్‌కి ఇంట్లో చాక్లెట్లు: డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ మిగలదు

మీరు అడిగింది ముందు ఒకసారి క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. మీది అమలాపురం పక్క ఊరు. సండే స్కూల్ పిల్లలు 60 మంది, చుట్టాలూ ఇరుగుపొరుగూ కలిపి 12 ఇళ్ళు, చేతిలో 1500 రూపాయలు. మైక్రోవేవ్ లేదు. పోయినేడు ఏదో వీడియో చూసి కొబ్బరినూనె, కోకో పౌడరు, పంచదార పొడి కలిపి చేస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన కాసేపటికే కరిగి కవర్లకి అంటుకుపోయాయి. తోటలో కొబ్బరి కింద కోకో చెట్లున్నాయి, ఆ గింజలతోనే చేసుకోవచ్చా అని ఒక ప్రశ్న, హైదరాబాద్‌లో ఉన్న ఆడపడుచుకి పంపితే పాడవకుండా చేరతాయా అని ఇంకోటి. నేను పాలకొల్లులో ఏటా డిసెంబరులో ఆర్డర్లకి చేస్తాను, అడిగినవాళ్ళకి నేర్పిస్తాను కూడా, కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పోయినేడు మీ చేతిలో తప్పేం లేదండి. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మన కోనసీమలో డిసెంబరు మధ్యాహ్నం 28 నుంచి 30 దాకా ఉంటుంది. మరి అది గట్టిగా ఎలా నిలబడుతుంది? ఆ వీడియోలు చేసేవాళ్ళు ఫ్రిజ్‌లోంచి తీసి, ముక్క విరిచి చూపించి, కెమెరా ఆపేస్తారు. కోకో గింజలోంచి వచ్చే కొవ్వు, అంటే కోకో బటరు, దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకే మంచి చాక్లెట్ చేతిలో గట్టిగా ఉండి నోట్లో పడగానే కరిగిపోతుంది. కొబ్బరినూనె బదులు డాల్డా వేయమని కొందరు చెప్తారు, అది గట్టిపడుతుంది, కాదనను, కానీ నాలిక మీద మైనం పూసినట్టుంటుంది. పిల్లలకి పంచేదానిలో అది నేనైతే వెయ్యను.

కాబట్టి చాక్లెట్ మనం తయారుచెయ్యొద్దు. కొనుక్కుందాం. కొన్నదాన్ని మన ఊళ్ళో చవగ్గా దొరికే కరకరలాడే సరుకుతో పెంచుకుందాం. డబ్బు మిగిలేది అక్కడే. అసలు చాక్లెట్‌లో నూనె కలిపో, పాలపొడి కలిపో పల్చన చేసి మిగిలించుకుందామంటే రుచీ పోతుంది, గట్టిదనమూ పోతుంది.

బేకరీ సామాన్లు అమ్మే షాపుల్లో, అంటే రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం లాంటి చోట్ల, కాంపౌండ్ స్లాబులని దొరుకుతాయి. డార్క్, మిల్క్, వైట్ మూడూ ఉంటాయి. ఇందులో కోకో బటరు బదులు వేరే కొవ్వు, ఎక్కువగా పామ్ కెర్నెల్, అంటే పామాయిల్ కాయ లోపలి గింజ, దాని నూనెని గట్టిపరిచిన కొవ్వు వేస్తారు. రుచిలో అసలు చాక్లెట్‌కి ఒక మెట్టు కిందే, నిజం. కానీ కరిగించి అచ్చులో పోస్తే దానంతటదే మెరుపుతో గట్టిపడుతుంది, మన వేడిని కూడా కాస్త తట్టుకుంటుంది. ఈ బడ్జెట్‌కి ఇదే సరైంది. మిల్క్ ఒక్కటే కొనకండి, సగం డార్క్ సగం మిల్క్ కలిపి కరిగిస్తే తీపి మొహం మొత్తకుండా ఉంటుంది, ఈ రెండూ కాంపౌండే కాబట్టి ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, రుచి కోసమని కాంపౌండ్‌లో అసలు చాక్లెట్ బార్లు నాలుగు కలిపేస్తారు చాలామంది. ఆ రెండు కొవ్వులకీ పొసగదు. కలిపిన రోజు బానే ఉంటుంది, తర్వాత మెత్తబడి పైన తెల్లటి పొర కడుతుంది. ఏదో ఒకటే వాడండి. కొనేటప్పుడు స్లాబు వెనక అట్ట మీద చదివితే తెలిసిపోతుంది, కోకో బటర్ అని మాత్రమే ఉంటే అసలుది, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అనో పామ్ కెర్నెల్ అనో ఉంటే కాంపౌండ్. తేదీ కూడా చూడండి, తేమ తగిలి పాతబడ్డ కాంపౌండ్‌కి సబ్బు వాసన లాంటిది వస్తుంది, దాన్ని ఏం చేసినా పోగొట్టలేం.

ఇక కరిగించడం. ఇక్కడే నూటికి తొంభై మంది చెడగొట్టుకుంటారు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

చాక్లెట్‌కి శత్రువు నీళ్ళు. ఒక్క చుక్క చాలు. చాక్లెట్ అంటే కొవ్వులో తేలుతున్న పంచదార, కోకో నలుసులు, అంతే. చుక్క నీళ్ళు పడగానే పంచదార తడిసి ఆ నలుసులన్నీ ఒకదానికొకటి అతుక్కుని, జారుగా ఉన్నది కాస్తా ముద్దయిపోతుంది. విచిత్రం ఏంటంటే ఎక్కువ నీళ్ళు పోస్తే మళ్ళీ జారవుతుంది, కానీ అది సాస్, అచ్చులో గట్టిపడదు. పొరపాటున అలా ముద్దకడితే పారెయ్యకండి, వేడి పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే మంచి సాస్ వస్తుంది, కేకు మీదకి వాడుకోండి, చాక్లెట్ల కోసం మాత్రం కొత్త స్లాబు తీయండి.

పద్ధతి ఇదీ. స్లాబుని పొడి పీట మీద పొడి చాకుతో సన్నగా తరగండి, ఎంత సన్నగా ఉంటే అంత తక్కువ వేడి చాలు. ఒక గిన్నెలో అంగుళం ఎత్తు నీళ్ళు మరిగించి స్టవ్ ఆపెయ్యండి. ఆపెయ్యాలి, సిమ్‌లో ఉంచడం కాదు. దాని మీద అంతకంటే వెడల్పాటి స్టీలు గిన్నె పెట్టండి, అడుగు నీళ్ళకి తగలకూడదు. పై గిన్నె ఎందుకు వెడల్పుగా ఉండాలంటే పక్కల నుంచి వచ్చే ఆవిరి లోపలికి పడకుండా. మూత పెట్టొద్దు, మూతకి పట్టిన ఆవిరి చుక్కలుగా రాలుతుంది. చెక్క గరిటె వద్దు, కడిగి ఆరబెట్టినా చెక్కలో తడి ఉంటుంది, స్టీలు చెంచా తీసుకోండి. తరిగినదాంట్లో మూడొంతులు వేసి కరగనిచ్చి, దించేశాక మిగతాది వేసి కలపండి, ఆ వేడికే అదీ కరుగుతుంది. గిన్నె దించగానే అడుగున ఉన్న తడి తుడవండి, లేకపోతే అచ్చులో పోసేటప్పుడు ఆ చుక్కే జారి అందులో పడుతుంది. అచ్చులు ముందురోజే కడిగి ఎండలో పెట్టి, మళ్ళీ పొడిగుడ్డతో తుడవాలి.

వేడి మీ పెదవికే తెలుస్తుంది. కరిగిన చాక్లెట్ కొంచెం పెదవికి తగిలిస్తే గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమందంటే ఎక్కువైనట్టే. 50 డిగ్రీలు దాటనివ్వొద్దు, మాడితే గరుకుగా ఇసకలా అవుతుంది.

ఇప్పుడు లోపల ఏం వెయ్యాలి. అసలు సరదా అంతా ఇందులోనే ఉందండి.

పిల్లల 60 మందికి రెండు రకాలు చాలు, తలా రకానికి ఒకటి. మొదటిది మరమరాలు. 400 గ్రాముల స్లాబుకి 100 గ్రాములు పడతాయి. ఉత్తి మూకుట్లో నూనె లేకుండా రెండు నిమిషాలు వేయించి, పూర్తిగా చల్లారాక చాక్లెట్‌లో వేసి తిప్పి, చెంచాతో బటర్ పేపర్ మీద కుప్పలుగా పెట్టెయ్యండి. అచ్చు అక్కర్లేదు. చిన్న చెంచాడు చొప్పున 60 దాకా వస్తాయి, చూడ్డానికి పెద్దగా కనిపిస్తాయి, పిల్లలకి కావలసింది అదే. రెండోది వేరుశనగ. 400 గ్రాముల స్లాబుకి 300 గ్రాముల పప్పు, దోరగా వేయించి, పొట్టు తీసి, బద్దలుగా చేసి, చిటికెడు ఉప్పు వేసి కలపండి. ఉప్పు మర్చిపోకండి, కాంపౌండ్‌లో ఉన్న తీపిని అదే అదుపులో పెడుతుంది. ఇవీ 60 వస్తాయి. వేరుశనగ పడని పిల్లలెవరైనా ఉన్నారేమో సండే స్కూల్ టీచర్‌ని ముందే అడిగి పెట్టుకోండి, వాళ్ళకి మరమరాలవే రెండు ఇవ్వొచ్చు, కానీ అవి ముందు చేసి పక్కన పెట్టి, ఆ తర్వాతే పప్పు గిన్నె ముట్టుకోండి. పుట్నాలు కూడా బావుంటాయి, చవక.

12 ఇళ్ళకి ఇచ్చేవి కాస్త ముచ్చటగా ఉండాలి. నా సలహా పూతరేకులు. నవ్వకండి. ఆత్రేయపురం వైపు నెయ్యీ బెల్లమూ పెట్టని ఉత్త రేకులు కట్టలుగా అమ్ముతారు కదా, అందులో విరిగినవి అడిగితే తక్కువకే ఇస్తారు. బియ్యప్పిండి జావని కాలిన కుండ మీద తీసిన ఆ రేకు కన్నా పల్చటి కరకర ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి. పెద్ద చాక్లెట్ కంపెనీలవాళ్ళు ఇలాంటి కరకర కోసమే పల్చటి బిస్కట్ రేకులు చేయించుకుంటారు. మనకి పక్కూళ్ళోనే ఉంది. 400 గ్రాములకి 40 గ్రాముల రేకు చాలు. రేకుకి గాలిలో తేమ ఊరికే పట్టేస్తుంది కాబట్టి, మూకుడు వేడిచేసి స్టవ్ ఆపి, ఆ వేడి మీద ఒక నిమిషం ఉంచి చేత్తో నలపండి. చాక్లెట్ బాగా చల్లారి, ఇంకా జారుగా ఉన్నప్పుడు వేసి రెండు తిప్పులు తిప్పండి, ఎక్కువ కలిపితే పొడైపోతుంది. పళ్ళెంలో బటర్ పేపర్ పరిచి దాని మీద పల్చగా పోసి, సగం గట్టిపడ్డాక చాకుతో గీతలు పెట్టి, పూర్తిగా గట్టిపడ్డాక ఆ గీతల దగ్గర విరవండి. చిటికెడు యాలకుల పొడి వేస్తే తిన్నవాళ్ళు తప్పకుండా ఇదేంటని అడుగుతారు.

జీడిపప్పు పెట్టాలనుకుంటే గుండు పప్పు కొనకండి. మోరి వైపు నుంచి వచ్చే పప్పులో ముక్కలు వేరుగా అమ్ముతారు, ధర బాగా తక్కువ, చాక్లెట్ లోపల గుండో ముక్కో ఎవరికి కనిపిస్తుంది. దోరగా వేయించి వేస్తే చాలు. నెయ్యిలో వేయించకండి, నెయ్యి చాక్లెట్‌ని మెత్తబరుస్తుంది.

కొబ్బరి విషయంలో మాత్రం జాగ్రత్త. అందరికీ వచ్చే ఆలోచన కొబ్బరి లౌజు ఉండలు చేసి చాక్లెట్‌లో ముంచడం. తినడానికి అమోఘం, నాకూ అదే ఇష్టం, కానీ పచ్చి కొబ్బరిలో తడి ఉంటుంది, రెండు మూడు రోజుల్లో లోపల పులుస్తుంది. పైన చాక్లెట్ ఉంటుంది కాబట్టి తినేవాళ్ళకి కొరికేదాకా తెలీదు. ఇంట్లో అదేరోజు తినేదానికైతే చేసుకోండి. పంచేదానికి ఎండుకొబ్బరి తురుము 100 గ్రాములకి కండెన్స్‌డ్ మిల్క్ 100 గ్రాములు కలిపి చిన్న ఉండలు చుట్టి, గంటసేపు ఆరనిచ్చి ముంచండి, వారంలోపు తినేయమని చెప్పి ఇవ్వండి. టుట్టీ ఫ్రూటీ కూడా అంతే, బొప్పాయి ముక్కలకి పాకం అంటుకుని ఉంటుంది, ఒక పూట గాలికి ఆరబెట్టకుండా వెయ్యొద్దు.

జీడిపప్పు పెట్టేవాటికి సిలికాన్ అచ్చు ఒకటి కొనండి, 15 గుంతలది. గుంత సగం పోసి, పప్పు పెట్టి, మళ్ళీ పోసి, అచ్చుని బల్ల మీద నాలుగుసార్లు కొడితే గాలి బుడగలు పైకి వస్తాయి. గట్టిపడటానికి ఫ్రిజ్‌లో 10, 15 నిమిషాలు చాలు, డీప్ ఫ్రిజ్‌లో అస్సలు వద్దు. మరీ చల్లబడ్డ చాక్లెట్ బయటికి తీయగానే మన గాలిలో తేమ దాని మీద చెమటలా పడుతుంది, అది ఆరాక పంచదార పైకి తేలి తెల్ల మచ్చలు వస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీశాక అచ్చుతోనే ఒక పొడిగుడ్డ కప్పి గదిలో కాసేపు ఉంచి, ఆ తర్వాత విప్పండి. నన్నడిగితే తెల్లారుజామున చేసుకుంటే ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, ఆ టైములో మనకి 20 డిగ్రీల దగ్గర ఉంటుంది, అరగంటలో అవే గట్టిపడతాయి. అన్నం, కూర వండాక ఆ వంటింట్లో మాత్రం మొదలెట్టకండి, గదంతా ఆవిరే.

ఖర్చు ఇలా వేసుకోండి. స్లాబు ధర బ్రాండుని బట్టి, ఊరిని బట్టి మారుతుంది, లెక్క కోసం 400 గ్రాములది 200 అనుకుందాం. పిల్లలకి రెండు, ఇళ్ళకి రెండు, మొత్తం 800. వేరుశనగ, మరమరాలు కలిపి 100 లోపే. జీడిపప్పు ముక్కలూ రేకులూ కలిపి ఒక 150. అచ్చు 130. రంగు ఫాయిల్ కాగితాలు 100. డబ్బాలకో బుట్టలకో 200 పైనే మిగులుతుంది. ఇంటికి 8 చొప్పున 12 ఇళ్ళకి 96 కావాలి, రెండు స్లాబుల్లో పప్పు, రేకు కలిపితే సరిపోతాయి.

ఫాయిల్ అంటే చాక్లెట్లకనే అమ్మేది కొనండి, పూల బొకేలకి చుట్టే మెరుపు కాగితం కాదు, దాని రంగు తినేదానికి అంటుకుంటుంది. డబ్బాల మీద డబ్బు తగలెయ్యకండి. చిన్న తాటాకు బుట్టలో బటర్ పేపర్ వేసి పేరిస్తే షాపు డబ్బా కన్నా బావుంటుంది. నర్సాపురం వైపు లేసు అల్లేవాళ్ళెవరైనా తెలిసుంటే తెగిపోయిన చిన్న ముక్కలు అడగండి, రిబ్బన్ బదులు కడితే ఎంత అందంగా ఉంటుందో.

తోటలో కోకో సంగతి. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే, అదీ కొబ్బరి, పామాయిల్ తోటల కింద, కాబట్టి మీకా ఆలోచన రావడం సహజం. కానీ పచ్చి గింజలో చాక్లెట్ రుచి ఉండదండి. కాయ కొట్టి, గుజ్జుతో ఉన్న గింజల్ని అరిటాకులు కప్పి దాదాపు వారం పులియబెట్టాలి, మధ్యలో తిరగెయ్యాలి. బుట్టెడు గింజలతో ఆ పులుపుకి కావలసిన వేడి పుట్టదు, కుప్ప పెద్దగా ఉండాలి. తర్వాత మళ్ళీ వారం ఎండబెట్టాలి. వేయించి, పొట్టు చెరిగి, రాతి గ్రైండర్‌లో నీళ్ళు లేకుండా ఒక రోజు పైనే తిప్పాలి. మన దోసెల పిండి రుబ్బే టేబుల్ టాప్ గ్రైండరే చాక్లెట్ చేసేవాళ్ళు ప్రపంచమంతా వాడుతున్నారు, నిజమే, కానీ అలా గంటలకొద్దీ తిరగడానికి తగ్గట్టు మార్పించినవి. మీ ఇంట్లోది పెడితే మోటారు పోతుంది, మిగిలిన డబ్బంతా దానికే.

అయినా మీ తోట గింజ వాడుకునే దారి ఒకటుంది. పులియబెట్టి ఎండబెట్టిన గింజలు మీ దగ్గరో పక్క రైతు దగ్గరో ఉంటే, ఓ గుప్పెడు తీసుకుని మూకుట్లో సన్నటి సెగ మీద 15, 20 నిమిషాలు వేయించండి. పొట్టు చిటపటలాడి పగులుతుంది, చల్లారాక వేరుశనగలాగే నలిపి చెరిగెయ్యండి. లోపలి పలుకులు కొంచెం చేదుగా, కరకరగా ఉంటాయి. డార్క్ చాక్లెట్ ఇంకా గట్టిపడకముందే పైన చల్లితే, కాంపౌండ్‌కి లేని కోకో వాసన దానికి వస్తుంది. పైసా ఖర్చు లేదు, పైగా మా తోటదని చెప్పుకోవచ్చు. పెద్దవాళ్ళకే పెట్టండి, పిల్లలకి ఆ చేదు నచ్చదు.

ఎవరికైనా ఒకరికి, పాస్టరుగారికో మీ అమ్మగారికో, అసలు చాక్లెట్‌తో చెయ్యాలని ఉంటే 200 గ్రాములే కొని చేసి చూడండి. దానికి థర్మామీటరు కావాలి. డార్క్ అయితే 45 నుంచి 50 డిగ్రీల మధ్య కరిగించి, మిగిల్చిన తురుము వేసి కలుపుతూ 28 దాకా చల్లార్చి, మళ్ళీ 31, 32 కి తేవాలి, 32 దాటిందా మళ్ళీ మొదటికే. ఇలా చెయ్యకపోతే గట్టిపడదు, గట్టిపడినా మెరవదు, మచ్చలు పడుతుంది. అరవై మంది పిల్లల పని నెత్తిన ఉన్నప్పుడు ఇది పెట్టుకోకండి, టెన్షన్ తప్ప మిగిలేదేం ఉండదు.

ఎప్పుడు చెయ్యాలంటే, పప్పులవీ మరమరాలవీ 20 తారీఖు నుంచే చేసి పెట్టుకోవచ్చు, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్ బయట, స్టవ్‌కి దూరంగా, కర్పూరమూ అగరొత్తులూ లేని చోట పెట్టండి, చాక్లెట్ వాసనలు ఊరికే లాగేసుకుంటుంది. రేకులవి 23న చేసుకోండి. కొబ్బరివి 24 ఉదయం.

హైదరాబాద్ పార్శిల్‌కి రేకులవీ కొబ్బరివీ వద్దు, వేరుశనగవే పంపండి. బస్సు పార్శిల్ అయితే రాత్రి బస్సుకి వేసి, ఇంజను పక్కన పెట్టొద్దని గట్టిగా చెప్పండి, పొద్దున్నే వెళ్ళి తెచ్చుకోమని ఆడపడుచుగారికి ఫోన్ చెయ్యండి, ఆఫీసులో మధ్యాహ్నం దాకా పడుంటే ఎండకి కరుగుతాయి. ఎవరైనా రైల్లో వెళ్తుంటే వాళ్ళ చేతికివ్వడం ఇంకా నయం. ఐసు ప్యాకెట్లు మాత్రం పెట్టకండి, దారిలో కరిగి ఆ నీళ్ళే డబ్బాలోకి పోతాయి.